చేతి ఎన్‌డీవీఐ మీటరు: కొన్ని రబీలు వాడాక

తెనాలి వైపు వరి కోశాక దుక్కి లేకుండా వేసే మాగాణి మొక్కజొన్నలో పైరు పచ్చదనాన్ని ఎన్‌డీవీఐ అనే అంకెగా చూపే గ్రీన్‌సీకర్ చేతి మీటరును కొన్ని రబీలుగా వాడుతున్నాను. కొనాలా అని అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే. యూరియా ఎప్పుడు వెయ్యాలో తేల్చుకోవడానికైతే కొనండి. చేనుకు ఏమైందో అదే చెబుతుందనుకుంటే వద్దు.

మీట నొక్కి పట్టుకుంటే 660 నానోమీటర్ల దగ్గర ఎర్ర కాంతినీ, 780 దగ్గర కంటికి కనపడని పరారుణాన్నీ పైరు మీదికి వదిలి, తిరిగొచ్చినదాన్ని కొలుస్తుంది. పచ్చటి ఆకు ఎరుపును తినేసి పరారుణాన్ని వెనక్కి కొడుతుంది. పైరు నీరసపడితే ఆ తేడా తగ్గుతుంది. వెలుతురు తనదే కాబట్టి మబ్బేసినా ఇబ్బంది లేదు.

ఆ తేడాను బట్టి తెర మీద 0.00 నుంచి 0.99 లోపు అంకె పడుతుంది. దాన్ని ఒంటరిగా చూస్తే ఏమీ తేలదు. మొదట్లోనే రెండు మూడు సాళ్లకు నత్రజని దండిగా వేసి, మిగతా చేనును వాటితో పోల్చుకోవాలి. ఒక చేలో మోకాలెత్తు పైరు చూపుకు అంతా ఒకే పచ్చగా ఉంది. ఆ సాళ్లలో 0.74, పక్కన 0.66. వంగి పై ఆకులు పక్కకు తీస్తే, కింది ఆకుల కొస నుంచి నడిమి ఈనె వెంబడి పసుపు అప్పుడే దిగుతోంది. పైపాటుగా వేసే యూరియాను ముందుకు జరిపాం. పెట్టిన డబ్బు గిట్టేది ఇలాంటి చోటే.

ఇంకో చేలోనూ ఇంచుమించు అంతే తేడా. అక్కడ కారణం మురుగు, పల్లపు మూల నీళ్లు నిలిచి వేళ్లకు ఊపిరాడలేదు. లేత ఆకుల మీద తెల్ల చారలతో జింకు లోపం వచ్చినా అంకె అలాగే పడుతుంది. "ఇంతకీ యూరియా వెయ్యాలా వద్దా, అది చెప్పండి సార్" అని రైతు అడిగితే, మీటరు చూసి కాదు, మొక్క పీకి చూసే చెప్పాలి.

పైరుకు 60 నుంచి 120 సెంటీమీటర్ల ఎత్తున పట్టుకోవాలి. మొక్కజొన్న ఛాతీ దాటితే చెయ్యి లాగేస్తుంది. అప్పటికి ఆకులు సాళ్లను కమ్మేసి, అంకె 0.85 పైన కదలకుండా కూర్చుంటుంది. అది మీటరు లోపం కాదు, ఎన్‌డీవీఐ తీరే అంత. ఆ దశలో రెడ్ ఎడ్జ్, అంటే ఎరుపుకూ పరారుణానికీ నడుమ ఉండే కాంతిని చూసే సెన్సర్లే నయం. మంచు ఆరేదాకా ఆగాలి. మధ్యాహ్నం బెట్టకు ఆకులు చుట్టుకుంటే నేల కనపడి అంకె పడిపోతుంది, అందుకే రోజూ ఒకే వేళకు కొలుస్తాను.

సెంటినెల్-2 ఉపగ్రహం తీసే బొమ్మలు ఉచితమే కదా అంటారు. పెద్ద కమతాలకు సరే. అరెకరం చెక్కలో పది మీటర్ల గళ్లు ఇరవై పడతాయి, అంచున ఉన్నవి గట్టునూ పక్క చేనునూ కలిపేస్తాయి. ఖరీఫ్‌లో మబ్బుల గొడవ సరేసరి.

వరి ఒక్కటే వేసేవాళ్లకు ఇంత ఖర్చు దండగ, ఆకు రంగు పట్టిక చాలు. నాట్లేసిన కొత్తలో మడిలో నీళ్లే ఎక్కువ కనపడతాయి కాబట్టి మీటరు అంకెను ఎలాగూ నమ్మలేం.