రీడింగ్ హాలా, ఒంటి బల్లా, గ్రూప్ రూమా: ఏ పనికి ఏది మేలు?

లైబ్రరీలో అడుగుపెట్టగానే చాలామంది ఖాళీగా కనిపించిన కుర్చీలో కూలబడతారు. ఆ పూట చేయాల్సిన పనికి నోరు తెరవాలా, అక్కర్లేదా? ముందు ఇది తేల్చుకుంటే చోటు సంగతి సగం తేలినట్టే.

కొత్త చాప్టర్ మొదటిసారి చదవడానికి, లెక్కలు చేయడానికి రీడింగ్ హాలే మేలు. చుట్టూ పది మంది తలవంచుకుని చదువుతుంటే ఫోన్ తీయడానికి మనకే మొహమాటం వేస్తుంది. చిత్రమేమిటంటే, హాల్లో ఇబ్బంది పెట్టేది ఆ నిశ్శబ్దమే. మామూలు గదిలో ఫ్యాన్ చప్పుడులో కలిసిపోయే గుసగుస అక్కడ చెవిలో చెప్పినట్టు వినబడుతుంది. అర్థంకాని హోరు కన్నా అర్థమయ్యే మాటే చదువుకు ఎక్కువ అడ్డు. అందుకని తలుపు, ప్రింటర్, ఇష్యూ కౌంటర్, మెట్లు ఉన్నవైపు కూర్చోవద్దు. ఏసీకి కాస్త దగ్గరగా ఉంటే దాని సన్నని హోరు గుసగుసల్ని కప్పేస్తుంది. సరిగ్గా గాలి తగిలేచోట మాత్రం కూర్చోకండి, కళ్లు పొడిబారతాయి. కిటికీ వెలుతురు పక్కనుంచి పడాలి. కుడిచేత్తో రాసేవారికి ఎడమవైపు నుంచి పడితే చేతి నీడ కాగితం మీద ఉండదు. వెనకనుంచి పడితే ల్యాప్‌టాప్ తెర మెరిసిపోతుంది.

మూడువైపులా అడ్డుచెక్క ఉన్న ఒంటి బల్ల చూపును ఆపుతుంది గానీ చప్పుడును ఆపదు. చెక్క పైనుంచి మాటలు యథాతథంగా వచ్చేస్తాయి. ఇది రాతపనికి బాగుంటుంది: ప్రాజెక్ట్ రిపోర్ట్, అసైన్‌మెంట్ లాంటివి. ఎవరికీ కనపడం కాబట్టి నిద్రకూ, ఫోన్‌కూ కూడా అంతే బాగుంటుంది! భోజనం చేసిన వెంటనే అక్కడికి వెళ్లకపోవడమే మంచిది. ల్యాప్‌టాప్, ఒక పుస్తకం, నోట్సు పెడితే బల్ల నిండిపోతుంది. డ్రాయింగ్ షీట్లు పరచాలంటే హాల్లో పెద్ద బల్ల చూసుకోవాల్సిందే. సామాన్లు సర్దుకోకముందే ప్లగ్ పాయింట్ పనిచేస్తుందో లేదో ఛార్జర్ పెట్టి చూడండి.

ఎక్కువగా దుర్వినియోగమయ్యేది గ్రూప్ రూమ్. నలుగురూ కలిసి చాప్టర్ మొదటినుంచి చదువుదామని వెళ్తారు. ఒకరు చదువుతుంటే మిగతావాళ్లు తలూపుతారు. అంతా వచ్చేసినట్టే అనిపిస్తుంది, అసలు మోసం అక్కడే. మనస్తత్వ శాస్త్రవేత్తలు హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగంలో, 5 నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివిన విద్యార్థులదే పైచేయి. వారం తర్వాత పెడితే, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవారు వాళ్లను దాటిపోయారు. గ్రూప్ రూమ్ ఆ రెండో పనికి పెట్టింది పేరు.

ముగ్గురు లేదా నలుగురు చాలు. ఆరుగురైతే రెండు కబుర్ల గుంపులవుతాయి. హాల్లో ముందే చదువుకుని రావాలి. 90 నిమిషాలుంటే మొదటి 10 నిమిషాల్లో ఎవరి సందేహాలు వాళ్లు బోర్డు మీద రాయండి. తర్వాత గంటసేపు పుస్తకం మూసి ఒకరు వివరిస్తుంటే మిగతావాళ్లు ‘ఎందుకు?’ అని ఆపుతుండాలి. చివరి 20 నిమిషాలు ఎవరికి వారు మాట్లాడకుండా, అర్థమైంది కాగితం మీద పెట్టాలి. అక్కడి మార్కర్లు ఎండిపోయి ఉండొచ్చు, ఒకటి వెంట తీసుకెళ్లండి.

పరీక్షల ముందు మూడున్నర గంటలే ఉంటే, నా లెక్కలో రెండు గంటలు హాలుకు, మిగతాది గ్రూప్ రూమ్‌కు. ఒంటి బల్లను ఆ రోజుల్లో రికార్డు రాయాల్సినవాళ్లకు వదిలేయొచ్చు. బ్యాగు పెట్టి మూడుచోట్లా సీటు ఆపుకోవడం మాత్రం అన్యాయం. గ్రూప్ రూమ్ దొరకలేదని హాల్లోనే గుసగుసలకు దిగొద్దు, బయట వరండా మెట్లున్నా ఆ పని జరిగిపోతుంది.