ఎటానెర్సెప్టా, అడలిముమాబా? టీబీ భయం ఉన్నచోట ఏది?

రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు వాడే ఈ రెండూ ఒంట్లో వాపును పెంచే టీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లే. మొదటిది వారానికి 50 మి.గ్రా., రెండోది రెండు వారాలకు 40 మి.గ్రా. కీళ్ల వాపు తగ్గించడంలో పెద్ద తేడా లేదు. అసలు తేడా టీబీ దగ్గరే. ఒంట్లో నిద్రపోతున్న క్షయ క్రిములను చుట్టి బంధించే కణాల గోడ నిలవాలంటే టీఎన్‌ఎఫ్ కావాలి. అడలిముమాబ్ ఆ గోడను ఎక్కువగా సడలిస్తుంది. బ్రిటన్ రోగుల రిజిస్ట్రీలో ఎటానెర్సెప్ట్‌తో పోలిస్తే దానితో టీబీ సుమారు 4 రెట్లు ఎక్కువగా కనిపించింది. పైగా చాలాసార్లు అది ఊపిరితిత్తుల బయట వచ్చే టీబీ కావడంతో దగ్గు లేకుండానే ముదరొచ్చు. జ్వరం వచ్చి మందు ఆపినా దీని ప్రభావం వారాల తరబడి పోదు. ఎటానెర్సెప్ట్ త్వరగా దిగిపోతుంది.

అందుకే మన దేశంలో మా మొగ్గు ఎటానెర్సెప్ట్ వైపు. కంట్లో యువైటిస్ (కంటి లోపలి పొర వాపు) ఉంటే మాత్రం అడలిముమాబే. ఏదైనా సరే, ముందు ఛాతీ ఎక్స్‌రే, నిద్రాణ టీబీని పట్టే ఇగ్రా రక్తపరీక్ష తప్పవు. స్టెరాయిడ్లు వాడేవారిలో చర్మంపై చేసే మాంటూ టీబీ పరీక్ష తప్పుగా నెగెటివ్ చూపొచ్చు. నిద్రాణ టీబీ తేలితే, దాని మందులు మొదలుపెట్టిన నెలకు గానీ ఇంజెక్షన్ వద్దు.