శనివారం మాత్ర, 28 కీళ్ళు

ముందుగా మెట్ల సంగతి చెప్పేస్తాను. మొత్తం 22. లిఫ్టు లేదు. కింద మందుల షాపు, పైన క్లినిక్కు. కీళ్ళవాతం చూసే డాక్టరుగారిని మేడ మీద కూర్చోబెట్టాలన్న ఆలోచన ఏ మహానుభావుడికి వచ్చిందో గానీ, పదో మెట్టు దగ్గర మోకాళ్ళు పట్టుకుని ఆగిన ప్రతివాళ్ళూ ఆయన్ని తలుచుకునే పైకి ఎక్కుతారు. శ్రీకాకుళంలో పాలకొండ రోడ్డు వైపు ఉంటుంది. మెచ్చుకోవాల్సినవీ తిట్టాల్సినవీ రెండూ ఉన్నాయి కాబట్టి పేరు రాయను. డాక్టరుగారు విశాఖపట్నం నుంచి నెలలో రెండో ఆదివారం, నాలుగో ఆదివారం వస్తారు. నేను రెండేళ్ళ రెండు నెలలుగా వెళ్తున్నాను. ఐదు చుక్కలకి నాలుగు వేస్తాను. తగ్గించిన ఆ ఒక్క చుక్కా మెట్లకే.

నాది పొందూరు. హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఒకరోజు బోర్డు మీద ‘లక్ష్మి’ అని రాస్తుంటే ‘క్ష’ కింద మ వత్తు పెట్టేలోపు చేతిలోంచి సుద్దముక్క జారి పడింది. పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను. మర్నాడు మళ్ళీ జారింది. అప్పటికే పొద్దున్న లేచాక గంటన్నర దాకా గుప్పిట మూసుకునేది కాదు. పాల ప్యాకెట్టు పళ్ళతో చింపేదాన్ని. మా అత్తగారు చూసి, "ఏటే అమ్మీ, లెగిసిన కాడ్నుంచీ ఆ చేతులలా నలుపుకుంతన్నావేటి?" అన్నారు. ఆవిడ ఖద్దరు నూలు వడికే మనిషి. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, వెంట్రుకలాంటి పోగు తీసిన చేతులవి. చేతుల విషయంలో ఆవిడ కంటికి ఏదీ దొరక్కుండా పోదు.

ఈ క్లినిక్కుకి వచ్చేలోపు ఏడాది పాడైపోయింది. ఒకరు చికున్‌గున్యా తర్వాత ఇలాగే ఉంటుందన్నారు. ఒకరు వయసన్నారు, నాకు అప్పుడు 44. ఒక ఆర్‌ఎంపీ గారు వారానికో సూది వేశారు. వేసిన మూడు రోజులు రెక్కలొచ్చినట్టుండేది, నాలుగో రోజుకి మళ్ళీ మామూలే. ముఖం మాత్రం పూర్ణంబూరెలా ఉబ్బింది. అది స్టెరాయిడని తర్వాత తెలిసింది. స్టెరాయిడ్ చెడ్డదని అనను. 1948లో అమెరికాలో మేయో క్లినిక్కులో ఫిలిప్ హెంచ్ అనే ఆయన నాకొచ్చిన ఈ కీళ్ళవాతంతోనే (రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటారు) మంచానపడ్డవాళ్ళకి కార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే లేచి నడిచారు, రెండేళ్ళకి నోబెల్ కూడా వచ్చింది. కానీ దాని వెనకాలే ముఖం వాపు, షుగరు, గుల్లబారిన ఎముకలు వచ్చి కూర్చున్నాయి. అసలు మందు పని మొదలెట్టేదాకా కొన్నాళ్ళు ఆసరాగా వాడి తగ్గించుకుంటూ ఆపెయ్యాలి. వారం వారం సూది పొడిపించుకుంటూ కూర్చుంటే లోపల జబ్బు కీలుని తినేస్తూనే ఉంటుంది, మనకి తెలియదు.

ఇక డాక్టరుగారు. మొదటిరోజు నా రిపోర్టులు పక్కన పెట్టి చేతులు అందుకున్నారు. ఒక్కో కీలునీ బొటనవేలితో నొక్కారు. నొక్కేటప్పుడు ఆయన గోరు తెల్లబడటం గమనించాను. అంత బలంతోనే నొక్కాలట, ఎక్కువా తక్కువా కాకూడదట, లేకపోతే ఈ నెల లెక్కకీ వచ్చే నెల లెక్కకీ పొంతన ఉండదు. భుజాలు రెండు, మోచేతులు రెండు, మణికట్లు రెండు, వేళ్ళ మొదళ్ళు పది, మధ్య కణుపులు పది, మోకాళ్ళు రెండు. మొత్తం 28. ఆయన చెబుతుంటే పక్కనున్న అమ్మాయి మనిషి బొమ్మ మీద నొప్పికి సున్నా, వాపుకి ఇంటూ పెడుతూ పోయింది. నా బొమ్మ చూస్తే సరిగ్గా లెక్కలు రాని పిల్లాడి పరీక్ష పేపరులా ఉంది.

తర్వాత, "ఈ వారం మీ ఒంటికి వందకి ఎంత వేస్తారమ్మా?" అని అడిగారు. నేను టీచర్ని కదా, కాస్త కఠినంగానే దిద్ది 30 వేశాను. ఆయన నవ్వి, ఇవి తిరగేసిన మార్కులు, సున్నా అంటే హాయి, వంద అంటే నరకం అన్నారు. అయితే 70 రాసుకోండి అన్నాను. నొప్పులు, వాపులు, ఈ మార్కు, రక్తపరీక్షలో ఈఎస్ఆర్ (ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే అంకె), ఈ నాలుగూ కలిపి ఫోన్లో ఏదో లెక్క కడితే 5.9 వచ్చింది. 5.1 దాటితే జబ్బు మంటమీద ఉన్నట్టు, 2.6 కంటే దిగితే చల్లారినట్టు. ఆ కాగితం నాకే ఇచ్చారు. అన్ని చోట్లా తిరిగినా అంతవరకూ నా జబ్బుకి అంకె వేసినవాళ్ళు లేరు.

మొదట్లో నెలనెలా రమ్మంటే ఫీజు కోసమేమో అనుకున్నాను. (ఫీజు 600. రెండోసారి 15 రోజుల్లోపు వెళ్తే తీసుకోరు.) ముఖం మీదే అడిగేశాను కూడా. అప్పుడు స్కాట్లండులోని గ్లాస్గోలో చేసిన ఒక పరిశోధన సంగతి చెప్పారు. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 111 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి మామూలు వైద్యం. రెండో జట్టుని నెలనెలా పిలిచి, కీళ్ళు లెక్కపెట్టి, అంకె దిగకపోతే అక్కడికక్కడ మందు పెంచడమో కలపడమో చేశారు. ఖరీదైన కొత్త మందులేవీ లేవు, ఇక్కడ మనకి దొరికే పాత మాత్రలే. ఏడాదిన్నరకి మామూలు జట్టులో జబ్బు అణిగినవాళ్ళు నూటికి 16 మంది, లెక్కపెట్టిన జట్టులో 65 మంది. ఇది విన్నాక ఫీజు గురించి మళ్ళీ మాట్లాడలేదు. రోజూ కాపీలు దిద్దే పంతులుకీ పరీక్షలప్పుడే కనపడే పంతులుకీ ఉన్న తేడా నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

అయితే ఈ 28లో ఒక తిరకాసు ఉంది. పాదాలు లేవు! నాకు పొద్దున్న మంచం దిగితే గులకరాళ్ళ మీద అడుగేసినట్టుండేది. ఒక నెల అంకె 3.0 వచ్చిందని ఆయన సంతోషిస్తుంటే, "మరి నా కాళ్ళో?" అన్నాను. నిజమే, ఆ లెక్కకున్న లోటే అది అని ఒప్పుకుని చెప్పులు విప్పించి చూశారు. అప్పట్నుంచి ప్రతిసారీ చూస్తున్నారు. అడక్కపోతే చూసేవారు కాదేమో, కాబట్టి వెళ్ళేవాళ్ళు అడగండి.

మందు మెథోట్రెక్సేట్. వారానికి ఒక్కరోజే. ఆదివారం సెలవు కాబట్టి నేను శనివారం రాత్రి ఎంచుకున్నాను, ఎందుకంటే మర్నాడు పొద్దున్న కాస్త వికారంగా ఉంటుంది. మా ఇంట్లో దాని పేరు శనోరం మాత్ర. డాక్టరుగారు చీటీ మీద ‘శనివారం మాత్రమే’ అని తెలుగులో, కింద గీత గీసి రాశారు. ఆ గీత విలువ రెండో నెలలో తెలిసింది. మావారు వేరే ఊళ్ళో ఒక షాపులో మందులు తెచ్చారు. కవరు మీద ఆ అబ్బాయి ‘రోజుకు ఒకటి, రాత్రి’ అని రాశాడు. చీటీ పక్కన పెట్టి చూసుకున్నాను కాబట్టి సరిపోయింది. ఈ మాత్ర రోజూ వేసుకుంటే నోరు పుండైపోతుంది, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణమే పోవచ్చు. అలా పొరపాటున రోజూ వేసుకుని పోయినవాళ్ళు చాలా దేశాల్లో ఉన్నారు. చదువురాని ముసలమ్మ చేతికి ఆ కవరు వెళ్ళుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. ఆ షాపుకి వెళ్ళి అబ్బాయికి నెమ్మదిగానే చెప్పాను. "సారీ మేడం, అలవాటులో రాసేశాను" అన్నాడు. అలవాటేనంట!

దీనికి తోడు ఫోలిక్ ఆసిడ్ అనే విటమిన్ ఇస్తారు, మర్నాడు వేసుకోవాలి. ఇక్కడ తెలుగు టీచరుగా ఒక ముక్క చెప్పకుండా ఉండలేను. ఈ రెండు మాత్రల వెనకా ఒక తెలుగాయన ఉన్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన బృందమే ఫోలిక్ ఆసిడ్‌ని తయారుచేసింది, దానికి అడ్డుపడే మందులనీ తయారుచేసింది. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. మొదట రక్త కేన్సరు పిల్లల కోసం వాడారు. కీళ్ళవాతానికి పనికొస్తుందని పెద్ద పరీక్షలతో తేల్చేసరికి 1985 వచ్చింది, ఆయన 1948లోనే పోయారు. కేన్సరుకి ఇచ్చేదాంతో పోలిస్తే మనకిచ్చేది చిటికెడు. "కేన్సరు మందు ఇచ్చాడు" అని హడలిపోయి మానేసేవాళ్ళని ఆ హాల్లోనే ఇద్దర్ని చూశాను. శనివారం ఒక మాత్ర, ఆదివారం దాని విరుగుడు వేసుకుంటున్నప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తారు.

ఆరో నెలకి నా అంకె 4.1. తగ్గింది కదా, చాలు అన్నాను. చాలదన్నారు. మూడు నెలల్లో మార్పు కనపడాలి, ఆరు నెలలకి గురి చేరాలి, చేరకపోతే వైద్యం మార్చాలి, అదీ పద్ధతి. బయాలజిక్ అనే కొత్తరకం ఇంజక్షన్లా, వాటి ఖరీదు విని మావారు కుర్చీలో సర్దుకున్నారు. డాక్టరుగారే ఇంకో దారి చెప్పారు. 2013లో అమెరికాలో వచ్చిన పరిశోధన. మెథోట్రెక్సేట్ ఒక్కదానితో తగ్గని 353 మందిని తీసుకుని, కొందరికి దానికి సల్ఫాసలజీన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ కలిపి మూడు మాత్రలు, మిగతావాళ్ళకి ఎటనర్‌సెప్ట్ అనే బయాలజిక్ ఇంజక్షన్ ఇచ్చారు. తగ్గనివాళ్ళని 24 వారాలకి అటుదిటు మార్చారు. 48 వారాలకి చూస్తే మూడు మాత్రల జట్టు ఇంజక్షన్ జట్టుకి తీసిపోలేదు. నేను మాత్రలే అన్నాను. సల్ఫాసలజీన్‌తో మూత్రం నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. హైడ్రాక్సీక్లోరోక్విన్‌కి ముందు కళ్ళ పరీక్ష రాయించారు. లివరు, రక్తం పరీక్షలు ఎలాగూ తప్పవు. అన్నీ కలిపి మందులకి నెలకి నాలుగైదు వందలవుతోంది నాకు. ఏడాది తిరిగేసరికి 2.4.

వెయిటింగ్ హాలు గురించి. టోకెను ఉదయం ఆరింటికి ఫోన్లో ఇస్తారు, ఫోను దొరకడం సినిమా మొదటి ఆట టిక్కెట్టు దొరికినట్టే. తొమ్మిదన్నారంటే పదకొండు అనుకోండి. బాత్రూములో కుళాయికి గుండ్రటి పిడి! వేళ్ళు తిరగనివాళ్ళు వచ్చే చోట అది పెట్టినవాళ్ళకీ మెట్ల మహానుభావుడికీ చుట్టరికం ఉండాలి. కానీ ఆ హాల్లో కూర్చుంటే చాలా తెలుస్తుంది. కవిటి నుంచి వచ్చే ఒక అప్ప ఉంది, కొబ్బరితోట పని. కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఉద్దానం అనగానే డాక్టరుగారు ముందు క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చేయించారు. మెథోట్రెక్సేట్ బయటికి పోయేది మూత్రపిండాల ద్వారానే కాబట్టి, అవి బాగాలేకపోతే మందు ఒంట్లో నిలిచిపోతుందట. ఏళ్ళ తరబడి ఆవిడ వాడుతున్న నొప్పి బిళ్ళలు ఆ రోజే మాన్పించారు. ఇంకో ముసలమ్మని "పొగ తాగుతావా అమ్మా?" అని అడిగితే, "అడ్డపొగే బాబూ, నిప్పు నోట్లోకే కదా, బయటికెల్లదు" అంది. నిప్పు ఎటున్నా పొగ పొగే, ఈ జబ్బు రావడానికీ మందు సరిగ్గా పట్టకపోవడానికీ పొగకి సంబంధం ఉంది అని చెప్పారు. ఆవిడ తల ఊపింది గానీ ఒప్పుకున్నట్టు లేదు.

చేతుల వ్యాయామం కాగితం ఇస్తారు. అది ఇంగ్లీషులో ఉంది, అది నా రెండో పెద్ద ఫిర్యాదు. నేనే తెలుగు చేసి జెరాక్సులు తీసి రిసెప్షన్లో ఇచ్చాను, ఇప్పుడు అవే పంచుతున్నారు (నా పేరు వెయ్యలేదు, పోనీలెండి). వ్యాయామాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఇంగ్లాండులో 490 మంది మీద చేసి 2015లో తేల్చారు. మందులతో పాటు చేతి వ్యాయామం నేర్పినవాళ్ళకి ఏడాది తర్వాత కూడా చేతిపని మెరుగ్గా ఉంది. పిసకడానికి ఏదో ముద్ద కొనమన్నారు. నేను చపాతీ పిండి పిసుకుతాను, ఇంట్లో అందరికీ లాభం.

పోయిన నెల మా అత్తగారినీ తీసుకెళ్ళాను. బొటనవేలి మొదట్లో నొప్పి, పోగు పట్టుకోలేకపోతున్నారు. ఆయన ఆవిడ చేతులు కూడా అలాగే గోరు తెల్లబడేలా నొక్కి చూసి, ఇది అరుగుదల తల్లీ, మీ కోడలి జబ్బు కాదు, ఆ మందులు అక్కర్లేదు, పట్టీ వేసుకుని కాస్త విశ్రాంతి ఇవ్వండి అన్నారు. బయటికొచ్చాక ఆవిడ ముఖం ముడుచుకుని, "అంత దూరం తీసుకొచ్చి ఒక్క శనోరం మాత్రయినా ఇయ్యనేదు" అన్నారు.

అన్నట్టు, ఈసారి మెట్లకి రెయిలింగు వేయించారు. ఒక పక్కనే, ఎక్కేటప్పుడు ఎడమవైపు. నా పాడు చెయ్యి ఎడమదే. దిగేటప్పుడు మాత్రం బాగా పనికొచ్చింది.