చెవి మిషన్ మెయిల్ వస్తే డిలీట్ కొట్టండి, నాలాగా డబ్బులు కొట్టకండి

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, తప్పులుంటే సర్దుకుని చదవండి. ‘జర్మన్ టెక్నాలజీ, చెవిలో పెట్టుకున్నా ఎవరికీ కనపడదు, ఆఫర్ ఈ రోజు రాత్రి 12 వరకే’ అని ఆకుపచ్చ చెవి బొమ్మతో ఒక మెయిల్ తిరుగుతోంది. మీలో సగం మందికి వచ్చే ఉంటుంది. ఆ ‘ఈ రోజు’ నెల్లాళ్లుగా నడుస్తోంది. అదే. దాన్ని కొన్నాను.

స్పామ్ ఫోల్డర్‌లో నీకేం పని అంటారేమో. నాది కోల్డ్ స్టోరేజ్‌లో లెక్కలు రాసే ఉద్యోగం. మిర్చి టిక్కీల లెక్క, అద్దె బిల్లులు అన్నీ మెయిల్లోనే. బయట రాష్ట్రాల పార్టీలు పంపినవి ఒక్కోసారి స్పామ్‌లో పడి, 30 రోజులకి వాటంతటవే పోతాయి. ఒకసారి అలా పోయి ఓనర్‌తో మాట పడ్డాను. అప్పటినుంచి పొద్దున్నే టీ తాగుతూ ఆ చెత్తబుట్ట కెలకడం అలవాటైంది.

పైగా మా ఆఫీసులో స్పామ్ మీద ఉపన్యాసాలిచ్చేది నేనే. 2008లో కాలిఫోర్నియా పరిశోధకులు స్పామ్ పంపేవాళ్ల నెట్‌వర్క్‌లోకే దూరి 26 రోజులు లెక్కపెడితే, దాదాపు 35 కోట్ల మెయిళ్లకి కొనబోయినవాళ్లు 28 మంది తేలారు. కోటికి ఒక్కడు కూడా లేడు. ‘ఆ 28 మంది మహానుభావుల్ని ఒక్కసారి చూడాలనుందిరా’ అని అందర్నీ నవ్వించేవాణ్ణి. ఇప్పుడు నవ్వండి, 29వ వాడు గుంటూరు బ్రాడీపేటలో ఉంటాడు.

ఆ 28 ఆర్డర్లలో ఒక్కటి తప్ప అన్నీ మగతనం మందులే. అప్పట్లో అదొక జోకు. ఇప్పుడర్థమవుతోంది, కొట్టుకెళ్లి నోరు తెరిచి అడగలేనివే జనం అలా కొంటారు. మా నాన్నది అలాంటి సంగతే. రెండేళ్లుగా మా టీవీ లైను చివరిదాకా వినపడుతోంది. డాక్టర్ దగ్గరికి రమ్మంటే ‘నాకేం చెవుడా?’ అని కోపం. నేనొక్కణ్ణే వెళ్లి కనుక్కుంటే ఒక చెవికి 32 వేలు అన్నారు, అదీ పరీక్ష చేశాకేనట. మెయిల్లో 2,499. ముందే కడితే 300 తగ్గింపు. పరీక్ష లేదు, ‘ఎవరికండీ, మీకేనా?’ అని ఎగాదిగా చూసేవాళ్లు లేరు. 2,199 ఫోన్‌లో కొట్టేశాను. పంపేవాడికి కోటి మెయిళ్లు పంపినా పెద్ద ఖర్చేం లేదు కదా, నాలాంటి మొహమాటపు మనిషి ఒక్కడు తగిలితే గిట్టుబాటే.

తొమ్మిదో రోజు పార్సిల్ వచ్చింది. అట్టపెట్టె మీద ఎమ్మార్పీ లేదు, తయారుచేసినవాడి పేరు లేదు. జర్మనీ సంగతి దేవుడెరుగు, అసలు ఏ ఊరి పేరూ లేదు. లోపల చిక్కుడు గింజంత ప్లాస్టిక్ ముక్క. చెవిలో పెట్టగానే కుయ్యిమని ఈల, పక్కన కూర్చున్న నాకే వినపడింది. వంటింట్లో కుక్కర్ కూతకి నాన్న ఉలిక్కిపడి కుర్చీలోంచి లేచారు. ‘కాఫీ తాగుతారా నాన్నా?’ అని అడిగాను. నా మొహంలోకి చూసి ‘బాగానే వినపడుతోందిరా’ అన్నారు.

మెయిల్లో ఉన్న నంబర్‌కి రెండు రోజులు చేస్తే మూడో రోజు ఎత్తారు. ముందు హిందీలో ఒకమ్మాయి, తర్వాత ఒక కుర్రాడు. మన తెలుగే, మన వైపు యాసే. ప్రాణం లేచొచ్చింది. ‘చెప్పండి సార్’ అని మహా మర్యాద. మొత్తం ఓపిగ్గా విన్నాడు.

‘సార్, ఏ మెయిల్ చూసి కొన్నారు?’

‘మీదే.’

‘ఇన్‌బాక్స్‌లో చూశారా, స్పామ్‌లోనా?’

అబద్ధం ఆడొచ్చుగా? హరిశ్చంద్రుణ్ణి కదా, ‘స్పామ్‌లో’ అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత చాలా నెమ్మదిగా, ‘మరి స్పామ్ అని పైనే రాసుంది కదండీ’ అన్నాడు. వెనకాల ఇంకెవడో కిసుక్కుమన్నాడు. స్పీకర్‌లో పెట్టారన్నమాట. రిటర్న్ సంగతి అడిగితే ‘ఒకరి చెవిలో పెట్టింది మీరైతే తీసుకుంటారా సార్?’ అని పెట్టేశాడు. ఆ తర్వాత ఆ నంబర్ కలిస్తే ఒట్టు.

డబ్బు సంగతి మర్చిపోతానేమో గానీ, ఆ ‘రాసుంది కదండీ’ మాత్రం స్నానం చేస్తుంటే కూడా వినపడుతోంది. నా చెవులు బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి మరి. మా ఆవిడ ‘వంకాయలు ఒక్కొక్కటీ తిప్పి తిప్పి చూసి ఏరుతారు...’ అని అక్కడితో ఆపింది. మిగతాది అననందుకు ఆమెకి దణ్ణం. పైగా నా మెయిల్ అడ్రస్ ఎవరెవరికి అమ్ముకున్నారో, మోకాళ్ల నూనె, బట్టతల నూనె వరసపెట్టి దిగుతున్నాయి, ఈసారి నేరుగా ఇన్‌బాక్స్‌లోకే.

డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల నంబర్ 1930కి ఫోన్ చేయండి, నాలాగా పరువు చూసుకుంటూ రోజులు గడపకండి. ఆలస్యమైతే దొరకడం కష్టం. వస్తువు గొడవలకి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. చెవి మిషన్ అంటే ఆడియోగ్రామ్ తీసి, ఏ శబ్దం ఎంత వినపడటం లేదో చూసి దానికి తగ్గట్టు సెట్ చేయాలట. ఇదేమో మాటనీ మోతనీ కలిపి పెంచే బొమ్మ. ఆ ముక్క అప్పుడే ఆ పరీక్ష చేసేవాళ్లనే అడిగుంటే వాళ్లే చెప్పేవాళ్లు.

సోమవారం నాన్నని ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లో ఈఎన్‌టీ ఓపీకి తీసుకెళ్దామనుకుంటున్నా. ఆయన మాత్రం ఆ చిక్కుడు గింజని చెవిలోంచి తీయడం లేదు. తీసేయండి నాన్నా అని ఎంత అరిచినా, వినపడితేగా.