చేతికందిన డబ్బు కార్డు బాకీకా, కారు బీమాకా: ఏది మేలు?

అమెరికాలో మద్యం తాగి కారు నడిపిన కేసు ఉన్నవారిని, బీమా లేకుండా పట్టుబడినవారిని బీమా కంపెనీలు హైరిస్క్ డ్రైవర్లుగా లెక్కిస్తాయి. ఎలాగూ ఎక్కువగా ఉండే వారి ప్రీమియం, క్రెడిట్ చరిత్ర బాగోకపోతే ఇంకా పెరుగుతుంది. అలాంటివారికి ట్యాక్స్ రీఫండ్ రూపంలో కొంత సొమ్ము అందితే, దానితో ఆరు నెలల ప్రీమియం ఒకేసారి కట్టెయ్యాలా, లేక కార్డు బాకీ తగ్గించుకొని ప్రీమియం నెలనెలా కట్టుకోవాలా?

ముందు ఏ రాష్ట్రమో చూడాలి. కాలిఫోర్నియా, హవాయి, మసాచుసెట్స్‌లలో కారు బీమా ధరకు క్రెడిట్‌ను ఆధారం చేసుకోకూడదు. కాబట్టి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉండేవారు కార్డు బాకీ తీర్చినంత మాత్రాన ప్రీమియం తగ్గదు. తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన డల్లాస్ పరిసరాల్లో పరిస్థితి వేరు: టెక్సాస్ చట్టం క్రెడిట్ వాడకాన్ని అనుమతిస్తుంది, అయితే కేవలం దాన్ని బట్టే పాలసీ నిరాకరించకూడదంటుంది.

బీమా కంపెనీలు చూసే స్కోరు బ్యాంకు చూసే స్కోరు కాదు. ఆధారం అదే క్రెడిట్ రిపోర్టయినా లెక్క వేరు. క్రెడిట్ స్కోర్లు లెక్కగట్టే ఫైకో సంస్థ బీమా స్కోరులో చెల్లింపుల చరిత్రకు సుమారు 40 శాతం, ఉన్న అప్పులకు 30 శాతం ప్రాధాన్యం ఉంటుంది. బాకీ తగ్గిస్తే ఆ 30 శాతంలో మేలు జరుగుతుంది గానీ, పాత ఆలస్యాలు ఏడేళ్లదాకా రిపోర్టులో ఉండిపోతాయి. పైగా ఆ మేలు ప్రీమియంలో కనిపించడానికి సాధారణంగా రెన్యువల్ దాకా ఆగాలి. ఇండియాలోని సిబిల్ స్కోరు ఇక్కడ లెక్కలోకి రాదు కనుక, కొత్తగా వచ్చినవారికి బాకీ తీర్చడం కన్నా గడువు తప్పకుండా కట్టిన చరిత్ర పోగుపడటమే ముఖ్యం.

ఒకేసారి కట్టడంలోని లాభం వెంటనే తెలుస్తుంది. నెల కిస్తీ 200 డాలర్ల చొప్పున ఆరు నెలల ప్రీమియం 1,200 డాలర్లు, మొదటి కిస్తీ తర్వాత ప్రతి కిస్తీపై 6 డాలర్ల రుసుము, ఒకేసారి కడితే 5 శాతం తగ్గింపు ఉన్నాయనుకుందాం. అప్పుడు మొత్తం ఆదా 90 డాలర్లు. అదే సొమ్ము ముందు కార్డుకు కట్టి, కిస్తీలను నెలనెలా కార్డుతోనే కడుతూ పోతే, ఏడాదికి 24 శాతం వడ్డీ లెక్కన ఆరు నెలల్లో మిగిలేది దాదాపు 60. తగ్గింపు ఇవ్వని కంపెనీ అయితే లెక్క తిరగబడి కార్డు గెలుస్తుంది. కంపెనీ నుంచి ధర అంచనా (కోట్) తీసుకునేటప్పుడు కిస్తీ రుసుమెంత, తగ్గింపెంత అనే ఈ రెండు అంకెలూ అడగనివారే ఎక్కువ.

కానీ ఎస్ఆర్-22 పత్రం (డ్రైవరుకు బీమా ఉందని కంపెనీ రాష్ట్రానికి ఇచ్చే ధ్రువీకరణ) అవసరమైనవారికి 30 డాలర్ల తేడా అసలు విషయం కాదు. టెక్సాస్‌లో శిక్ష పడిన తేదీ నుంచి రెండేళ్లు ఆ పత్రం అమల్లో ఉండాలి. కిస్తీ తప్పి పాలసీ రద్దయితే కంపెనీ ఆ సంగతి రాష్ట్రానికి తెలియజేస్తుంది, లైసెన్సు మళ్లీ చిక్కుల్లో పడుతుంది. బీమా తెగిన ఆ వ్యవధి కొత్త పాలసీ ధరనూ పెంచుతుంది. అందుకే వీరు ఒకేసారి కట్టడమే మేలని నా అభిప్రాయం. అయితే ఆ డబ్బు చేతిలో ఉండాలి. కార్డు మీద గీకి కడితే 90 డాలర్ల ఆదాలో చాలా భాగాన్ని వడ్డీయే మింగేస్తుంది. కార్డు కనీస చెల్లింపు ఇప్పటికే గడువు దాటి ఉంటే ముందు అది కట్టాలి, ఎందుకంటే బీమా స్కోరులో చెల్లింపుల చరిత్రకున్న ఆ 40 శాతం దెబ్బతినేది అక్కడే.

పూర్తిగా కట్టలేనివారు జీతం పడ్డ మర్నాటికి గడువు తేదీ మార్పించుకొని, బ్యాంకు ఖాతా నుంచి ఆటోపే పెట్టుకొని, ఒక కిస్తీకి సరిపడా సొమ్ము ఖాతాలో అట్టేపెట్టుకోవాలి. ప్రీమియం సకాలంలో కట్టినా సాధారణంగా అది క్రెడిట్ రిపోర్టుకు ఎక్కదు. కట్టని బకాయి వసూలు ఏజెన్సీకి చేరితే మాత్రం ఎక్కవచ్చు. క్రెడిట్ కారణంగా ధర పెంచితే కంపెనీ ఆ విషయం నోటీసు ద్వారా చెప్పి తీరాలి. ఆ నోటీసు అందినవారు 60 రోజుల్లోగా రిపోర్టును ఉచితంగా తెప్పించుకొని, అందులో తప్పులుంటే సరిచేయించుకోవచ్చు.