కోలాబ్ నుంచి బిగ్‌క్వెరీకి: రెండేళ్లు వాడాక

గూగుల్ కోలాబ్ నోట్‌బుక్ (బ్రౌజర్‌లోనే కోడ్ రాసి నడిపే పేజీ) నుంచి, గూగుల్‌దే అయిన బిగ్‌క్వెరీ (పెద్ద డేటాను క్లౌడ్‌లో దాచి, క్వెరీలతో అంటే ప్రశ్నలతో వెతికే సర్వీస్) డేటా లాగడం రెండేళ్లుగా నా రోజువారీ పని. స్పీడుతో నాకు పేచీ లేదు. చెప్పాలనుకున్నది భద్రత గురించే.

మొదట్లో సర్వీస్ అకౌంట్ (మనిషికి కాక ప్రోగ్రామ్‌కి ఇచ్చే అకౌంట్) కీ ఉన్న జేసన్ ఫైల్‌ని తెరిచి, అందులోదంతా ఒక సెల్‌లో (నోట్‌బుక్‌లో కోడ్ రాసే గడిలో) పేస్ట్ చేసేశాను. పనయ్యాక సెల్ తీసేశాను, ఇక గొడవ లేదనుకున్నాను. కొన్ని వారాలకు పాత కోడ్ ఒకటి కావలసి వచ్చి రివిజన్ హిస్టరీ (నోట్‌బుక్ పాత వెర్షన్లు) తెరిస్తే, ప్రైవేట్ కీ అక్షరం పోకుండా అక్కడే ఉంది. ఆ నోట్‌బుక్‌కి ఎడిట్ అనుమతి ఇంకో నలుగురికి ఉంది. పైగా మనం గడువు పెట్టకపోతే అలాంటి కీ దానంతటది ఎక్స్‌పైర్ అవదు. వెంటనే కీ రద్దు చేశాను గానీ, ఎవరు ఏం చేశారో నమోదయ్యే ఆడిట్ లాగ్‌లన్నీ చూసేదాకా టెన్షన్ తగ్గలేదు.

ఇప్పుడు కీ ఫైలే వాడను. ‘ఆథెంటికేట్ యూజర్’ లైన్ రన్ చేస్తే అనుమతి అడిగే విండో వస్తుంది. ఒప్పుకుంటే నా అకౌంట్‌కి ఉన్న హక్కులతోనే క్వెరీ నడుస్తుంది. రన్‌టైమ్ (కోడ్ నడిచే తాత్కాలిక మెషీన్) మారిన ప్రతిసారీ మళ్లీ ఒప్పుకోవాలి. విసుగే, కానీ ఆ విసుగు నాకు ఇష్టమే.

బయటి సర్వీసుల టోకెన్లకు (పాస్‌వర్డ్ లాంటి రహస్య కోడ్‌లకు) ఎడమ పక్కన తాళంచెవి గుర్తున్న సీక్రెట్స్ ప్యానెల్ చాలు. ఏ నోట్‌బుక్‌కి వాడుకునే వీలివ్వాలో అక్కడే స్విచ్ ఉంటుంది. నోట్‌బుక్ షేర్ చేసినా విలువ అవతలివాళ్లకు వెళ్లదు, వాళ్లది వాళ్లు పెట్టుకోవాలి. అయితే సరిచూసుకుందామని ప్రింట్ చేశారో, ఆ అవుట్‌పుట్ నోట్‌బుక్‌తో పాటే సేవ్ అవుతుంది. ఇది చాలామంది మర్చిపోతారు.

లాగిన్ అయ్యాక ఆ రన్‌టైమ్‌లో నడిచే ఏ కోడైనా మన హక్కులు వాడుకోగలదు. అందుకే ఊరూ పేరూ తెలియని లైబ్రరీలను అక్కడ ఇన్‌స్టాల్ చేయను. చదవడమే పనైతే డేటా వ్యూయర్ (డేటా చూసే హక్కు), జాబ్ యూజర్ (క్వెరీ నడిపే హక్కు) రోల్స్ సరిపోతాయి. ఎడిటర్ రోల్ అడగను. డేటా వ్యూయర్ కూడా ప్రాజెక్ట్ మొత్తానికి కాదు, కావలసిన డేటాసెట్‌కే (టేబుళ్ల గుంపుకే). పని ముగిశాక ‘డిస్‌కనెక్ట్ అండ్ డిలీట్ రన్‌టైమ్’ నొక్కాకే ట్యాబ్ మూస్తాను.

ఖర్చు సంగతి ఒక్క మాట: మామూలు టేబుల్ మీద లిమిట్ 10 (పది వరసలే చాలు) అని రాసినా అడిగిన కాలమ్‌లన్నీ పూర్తిగా స్కాన్ అవుతాయి. ‘మ్యాక్సిమమ్ బైట్స్ బిల్డ్’ (ఎంత డేటా స్కాన్‌కి దాకా బిల్లు పడవచ్చో చెప్పే) పరిమితి పెట్టుకుంటే, అది దాటే క్వెరీ ఛార్జ్ పడకుండానే ఆగిపోతుంది.