సరుకుల ఏజెన్సీకి టాలీ ప్రైమ్: ఖాతాల్లో దిట్ట, స్టాకు మాత్రం సెటప్‌ని బట్టి

సబ్బులు, పేస్టులు, బిస్కెట్లు కంపెనీల దగ్గర తీసుకుని కిరాణా షాపులకు వేసే ఏజెన్సీల్లో ఎక్కువ చోట్ల నడిచేది టాలీ అనే ఖాతాల సాఫ్ట్‌వేరే. గొల్లపూడి హోల్‌సేల్ కాంప్లెక్స్ అయినా, బేగంబజార్ అయినా బిల్లు కొట్టే కుర్రాడికి ముందుగా రావాల్సింది అదే. బెంగళూరులో 1986లో మొదలైన ఈ కంపెనీ సాఫ్ట్‌వేర్‌కి ప్రస్తుత రూపం, టాలీ ప్రైమ్, 2020 నవంబరులో వచ్చింది. లెడ్జర్లు, బ్యాంకు, జీఎస్టీ వరకు చిన్న ఏజెన్సీకి ఇంతకన్నా నమ్మకమైన సాఫ్ట్‌వేర్ దొరకడం కష్టం. స్టాకు దగ్గరికి వస్తే సంగతి వేరు. మొదటి రోజు ఐటమ్‌లు ఎలా తెరిచారన్న దాన్ని బట్టే ఏడాది పొడవునా లెక్క నిలుస్తుంది, లేదా తప్పుతుంది.

అన్నిటికంటే ముందు యూనిట్లు. కంపెనీ నుంచి సరుకు కేసుల్లో వస్తుంది, షాపుకి పీసుల్లో పోతుంది. చాలామంది 'కేసు ఆఫ్ 48 పీసులు' అని కాంపౌండ్ యూనిట్ (రెండు కొలతలు కలిపిన యూనిట్) తెరిచి అన్ని ఐటమ్‌లకూ అదే తగిలిస్తారు. 60 పీసుల కేసు వచ్చేసరికి ఇరుక్కుపోతారు, ఎందుకంటే కాంపౌండ్ యూనిట్‌లో ఆ 48 అనే అంకె దాన్ని వాడే ఐటమ్‌లన్నిటికీ ఒకటే. సరైన దారి ఇది: ఐటమ్ తెరిచేటప్పుడు అసలు యూనిట్ పీసు పెట్టండి, ఎఫ్12 (ఆ స్క్రీన్ సెట్టింగుల కీ) నొక్కి ఆల్టర్నేట్ యూనిట్, అంటే రెండో కొలత, ఆన్ చేసి కేసు ఇవ్వండి, ఆ ఐటమ్‌కి ఒక కేసు ఎన్ని పీసులో అక్కడే రాయండి. ఒక్కసారి బిల్లులు పడ్డాక అసలు యూనిట్‌ని మార్చనివ్వదు. అందుకే ఇది మొదటి రోజు పని. కంపెనీ ప్యాకింగ్ మార్చినప్పుడు పాత ఐటమ్‌నే దిద్దకుండా కొత్తది తెరవడం మేలు.

ఎమ్మార్పీ సంగతి కూడా ఇలాంటిదే. ఒకే సబ్బు పాత రేటుది, కొత్త రేటుది గోడౌన్‌లో పక్కపక్కనే ఉంటాయి. ఎఫ్11లో (కంపెనీ మొత్తానికి వర్తించే సెట్టింగులు) బ్యాచ్‌లు, అంటే ఒకే ఐటమ్‌ని విడి లాట్లుగా చూపడం, ఆన్ చేసి, బ్యాచ్ పేరు స్థానంలో ఎమ్మార్పీ రాసుకుంటే రెండూ విడివిడిగా కనిపిస్తాయి. బిస్కెట్లు, పాలపొడి లాంటి వాటికి గడువు తేదీ కూడా ఆన్ చేయాలి. బిల్లుకి రెండు మూడు కీలు ఎక్కువ నొక్కాలి, నిజమే. కానీ గడువు దాటిన సరుకు కంపెనీకి తిప్పి పంపేటప్పుడు ఆ తేదీలే ఆధారం.

స్కీముల దగ్గరే ఎక్కువ ఏజెన్సీల స్టాకు తేడా వస్తుంది. 12 కొంటే ఒకటి ఫ్రీ అన్నారనుకోండి. పీసు 20 రూపాయలు, బిల్లు 240, గోడౌన్‌లో దిగేవి 13. ఆపరేటర్ బిల్లు చూసి 12 ఎక్కించాడంటే ఆ పదమూడోది పుస్తకాల్లో లేదు. ఎఫ్11లో యాక్చువల్ (నిజంగా దిగిన సరుకు), బిల్డ్ (బిల్లులో లెక్కేసిన సరుకు) క్వాంటిటీ వేర్వేరు కాలమ్‌లు ఆన్ చేస్తే మొదటి దాంట్లో 13, రెండో దాంట్లో 12 వేయొచ్చు. స్టాకు 13 పెరుగుతుంది, పీసు ఖరీదు 18 రూపాయల 46 పైసలుగా తనే లెక్కేస్తుంది. అమ్మకం బిల్లులోనూ ఫ్రీ ఇలాగే ఇవ్వాలి. సబ్బుతో పేస్టు ఫ్రీ అయితే ఈ పద్ధతి పనికిరాదు. వోచర్ టైప్‌లో (ఏ రకం బిల్లు ఎలా నడవాలో చెప్పే సెట్టింగు) జీరో వాల్యూ ఎంట్రీలకు అనుమతి ఇచ్చి పేస్టుని వేరే లైన్‌లో సున్నా రేటుకి వేయాలి. ఈ రెండు సెట్టింగులు లేకుండా టాలీ స్టాకు నమ్మితే లాభం లేదు.

కొనుగోలు బిల్లు ఎక్కించక ముందే సరుకు అమ్మేయడం ఇంకో రోగం. టాలీ నెగెటివ్ స్టాకు (పుస్తకాల్లో సరుకు సున్నా కన్నా కిందికి పోవడం) గురించి హెచ్చరిస్తుంది, అదీ ఎఫ్12లో ఆ ఆప్షన్ ఉంటేనే. ఎంటర్ కొడితే బిల్లు సేవ్ అయిపోతుంది. లారీ దిగగానే పర్చేజ్ ఎంట్రీ, తర్వాతే బిల్లింగ్ అనే క్రమం మనుషులు పాటించాల్సిందే.

జీఎస్టీ రేట్ల మార్పుని టాలీ బాగా తట్టుకుంటుంది, తేదీ సరిగా ఇస్తేనే సుమా. 2025 సెప్టెంబరు 22 నుంచి స్నానం సబ్బులు, షాంపూలు, పేస్టులు, బిస్కెట్లు 18 శాతం నుంచి 5 శాతానికి వచ్చాయి. కొత్త రేటు రాసేచోట ఏ తేదీ నుంచి అని అడుగుతుంది. అక్కడ ఆ తేదీ ఇవ్వకుండా పాత 18నే కొట్టేసి 5 పెడితే, ఆగస్టు బిల్లు ఏదో పనిమీద తెరిచి మళ్లీ సేవ్ చేసినప్పుడు పన్ను మారిపోవచ్చు. అప్పటికే దాఖలైన జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్)తో అది కలవదు. రేట్లు ఐటమ్ ఐటమ్‌కి కాకుండా స్టాక్ గ్రూప్‌లోనే (ఒకే రకం ఐటమ్‌ల గుంపు) పెడితే ఇలాంటి మార్పు పది నిమిషాల పని.

నెలనెలా 14న జీఎస్టీ పోర్టల్‌లో వచ్చే జీఎస్టీఆర్-2బీ (సప్లయర్లు మన పేరిట చూపిన బిల్లుల జాబితా)తో కొనుగోళ్లు సరిచూడటం కూడా టాలీలోనే అవుతుంది. అక్కడ బిల్లులు కలవకపోతే కారణం చాలాసార్లు ఒక్కటే: సప్లయర్ ఇన్వాయిస్ నంబర్ గడి ఖాళీగా వదలడం, లేదా అందులో మన సొంత వరుస నంబర్ వేయడం. కంపెనీ బిల్లు మీద గీతలు, సున్నాలతో సహా ఎలా ఉంటే అలా ఎక్కించాలి.

బాకీల రిపోర్టు టాలీకి ప్రాణం. సేల్స్‌మన్ తెచ్చిన 5,000 ఏ బిల్లుకో తెలియక ఆపరేటర్ 'ఆన్ అకౌంట్' (ఏ బిల్లుకీ ముడిపెట్టని జమ) కొట్టేస్తే దాన్ని పాడు చేసినట్టే. షాపు డబ్బు కట్టినా పాత బిల్లు 90 రోజుల బాకీగానే కనిపిస్తుంది, మైనస్ మొత్తం వేరే లైన్‌లో వేలాడుతుంది. కలెక్షన్ షీట్‌లో బిల్లు నంబర్ లేనిదే రసీదు ఎక్కించకూడదు. తప్పు బిల్లుని కూడా ఆల్ట్ డీతో తుడిచేయకండి, ఆల్ట్ ఎక్స్‌తో క్యాన్సిల్ చేయండి. నంబర్ వరుసలో నిలుస్తుంది. యజమాని కౌంటర్ దగ్గర లేని ఏజెన్సీల్లో ఎడిట్ లాగ్ (బిల్లుల్లో చేసిన మార్పుల చిట్టా) తప్పకుండా ఆన్‌లో ఉండాలి. కంపెనీల చట్టం కింద నమోదైన సంస్థలకు 2023 ఏప్రిల్ 1 నుంచి అది తప్పనిసరి, సొంత ఫర్మ్‌లకు కాకపోయినా ఎవరు ఏ బిల్లు ఎప్పుడు దిద్దారో తెలుస్తుంది.

టాలీకి చేతకానిది రూటు పని. ఏ వారం ఏ వీధి, సేల్స్‌మన్ షాపులో నిలబడి ఫోన్‌లో ఆర్డర్ రాయడం, బండికి లోడింగ్ షీట్ తీయడం దీని సొంత సరుకు కాదు. వాటికి వేరే యాప్ కొని టాలీకి కలపాలి. ఇద్దరు ముగ్గురు సేల్స్‌మెన్ ఉన్నంతవరకు కాగితం మీద ఆర్డర్లతో నెట్టుకురావచ్చు, ఆ పైన కుదరదు.

సిల్వర్ లైసెన్స్ ఒక్క సిస్టమ్‌కి, ధర 22,500, పైన 18 శాతం జీఎస్టీ కలిపి 26,550. ఆఫీసులో రెండు మూడు సిస్టమ్‌లు ఉంటే గోల్డ్ కావాలి, అది 67,500 ప్లస్ పన్ను. గోల్డ్ కొనేవాళ్లు డేటా ఉన్న సిస్టమ్‌కి మంచి యూపీఎస్ పెట్టండి, మిగతా సిస్టమ్‌లను వైఫైతో కాకుండా కేబుల్‌తో కలపండి. బిల్లు సేవ్ అవుతుండగా కరెంటో, నెట్‌వర్కో పోతే డేటా దెబ్బతినొచ్చు. డేటా ఫోల్డర్‌ని గూగుల్ డ్రైవ్‌లో సింక్‌కి పెట్టడం కూడా అంతే ప్రమాదం. రోజూ సాయంత్రం ఆల్ట్ వై నొక్కి బ్యాకప్ తీసి, ఆ ఫైల్‌ని మాత్రమే పెన్‌డ్రైవ్‌లోకో డ్రైవ్‌లోకో ఎక్కించండి. నెలకోసారి ఆ బ్యాకప్‌ని వేరే ఫోల్డర్‌లో రీస్టోర్ చేసి తెరుచుకుంటుందో లేదో చూడండి.